అరవై మీద పల్టీ కొట్టిన బెంజ్

స్వీడన్‌లో కార్లను పరీక్షించే చోట తారు మీద కోన్లు పెట్టి ఒక దారి గీస్తారు. ఆ దారి తిన్నగా వెళ్లి, ఉన్నట్టుండి ఎడమకు విరిగి పక్క వరసలోకి దాటుతుంది. ఊపిరి తీసుకునే లోపే కుడికి తిరిగి పాత వరసలో కలుస్తుంది. ఆ మలుపు దగ్గర అడ్డంగా ఏమీ ఉండదు. ఒక జంతువు నిలబడి ఉందని డ్రైవరు అనుకోవాలి.

ఆ జంతువు మూస్. ఉత్తర దేశాల అడవుల్లో తిరిగే పెద్ద దుప్పి జాతి. ఎదిగిన మగది నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. దాని కాళ్లు ఎంత పొడవంటే, కారు ముందు భాగం ఆ కాళ్లను కొట్టి దాటిపోతుంది. పైనున్న బరువంతా బానెట్ మీదుగా జారి నేరుగా అద్దం మీద, లోపలున్న వాళ్ల తలల మీద పడుతుంది. అందుకే మూస్ ఎదురైతే ఢీకొట్టకుండా తప్పించాలన్నది అక్కడి డ్రైవర్లకు ప్రాణాలతో ముడిపడిన విషయం. తప్పించేటప్పుడు కారు అదుపులో ఉంటుందా, ఉండదా అని తేల్చడానికే ఆ కోన్లు. కారు నిండా మనుషులను ఎక్కించి, డిక్కీలో బరువు పెట్టి, కంపెనీ మోయవచ్చన్న బరువంతా మోయిస్తారు. వేగం అందుకున్నాక బ్రేకు తొక్కకూడదు. ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి స్టీరింగు తిప్పడమే.

1997 అక్టోబరు 21, మంగళవారం. ఆ రోజు కోన్ల మధ్యకు వచ్చింది కొత్త మెర్సిడెస్ బెంజ్ ఎ-క్లాస్. స్టీరింగు దగ్గర ఉన్నది టెక్నికెన్స్ వార్ల్డ్ అనే స్వీడిష్ మోటారు పత్రిక విలేకరి రాబర్ట్ కొలిన్. ఆ కారు అమ్మకాలు మొదలై వారం కూడా కాలేదు.

వేగం గంటకు సుమారు 60 కిలోమీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద ఆ వేగంతో వెళితే వెనకవాళ్లు హారన్ కొడతారు. అయినా ఆ వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఈ విన్యాసమంతా రెండు మూడు సెకన్ల పని.

కొలిన్ స్టీరింగు ఎడమకు తిప్పాడు. ముందు చక్రాలు ఎడమకు లాగాయి. బండి పైభాగం మాత్రం వెళ్తున్న దారినే వెళ్లాలని చూసింది. కారు కుడి పక్కకు ఒరిగింది. ఆ పక్క స్ప్రింగులు నొక్కుకుపోయాయి, ఎడమ పక్క చక్రాల మీద బరువు తగ్గింది. ఇక్కడి వరకు ఏ కారైనా చేసేది ఇదే.

తర్వాత కుడికి తిప్పాడు. ప్రమాదం ఈ రెండో తిప్పులో ఉంటుంది. కుడి పక్క నొక్కుకుపోయిన స్ప్రింగులు అప్పుడే విచ్చుకుంటూ బండిని ఎడమకు తోస్తున్నాయి. మలుపు బలం కూడా అటే తోసింది. రెండూ ఒకే క్షణంలో కలిశాయి. ఊగుతున్న బండి నిలదొక్కుకునే లోపే మరో పక్కకు విసిరినట్టయింది. కుడి చక్రాలు నేలను వదిలాయి. రెండు చక్రాల మీద నిలిచిన కారు మళ్లీ కిందికి రాలేదు. పల్టీ కొట్టింది.

ఎదురుగా మరో బండి లేదు, తడి లేదు, గుంత లేదు. ప్రపంచంలో భద్రతకు మారుపేరనుకునే కంపెనీ కొత్త కారు, ఖాళీ చోట, అరవై మీద బోర్లాపడింది. ఆ ఫోటోలు జర్మనీకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పాత తూర్పు జర్మనీలో తయారై అందరి నవ్వులపాలైన ట్రాబాంట్ కారు ఇదే పరీక్షను సాఫీగా దాటిందన్న వార్త ఆ గాయం మీద కారం చల్లింది.

*

ఎ-క్లాస్‌ను గాలివాటంగా తయారు చేశారనుకుంటే పొరపాటు. ఆ కారులో గొప్ప ఆలోచన ఉంది. ఆ ఆలోచనలోంచే ఈ ఆపదా పుట్టింది.

దాని పొడవు 3,575 మిల్లీమీటర్లు. మన మారుతి 800 కంటే జానెడు చిల్లర ఎక్కువ, అంతే. అంత పొట్టి బండికి ముందు భాగంలో నుజ్జయ్యే చోటు ఎక్కడుంటుంది? ఎదురుగుద్దులో ఇంజను వచ్చి డ్రైవరు ఒళ్లో పడుతుంది. దీనికి బెంజ్ ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం రెండు అంతస్తుల నేల. మనుషులు పై నేల మీద కూర్చుంటారు. గుద్దుకున్నప్పుడు ఏటవాలుగా అమర్చిన ఇంజను వాళ్ల మీదికి రాకుండా ఆ నేల కిందికి జారిపోతుంది. చిన్న కారులో పెద్ద కారుకున్నంత రక్షణ ఇవ్వాలన్న తపన అది. నాకు ఇప్పటికీ ఆ ఉపాయం మీద గౌరవమే.

అయితే దానికి చెల్లించిన ధర ఎత్తు. మనుషులు పైకి జరిగారు, కప్పు పైకి జరిగింది, బండి బరువుకు కేంద్రం, అంటే గురుత్వ కేంద్రం, పైకి జరిగింది. కారు ఎత్తు 1,575 మిల్లీమీటర్లయింది. చక్రాల మధ్య ఎడం మాత్రం ఆ ఎత్తుకు తగ్గట్టు పెరగలేదు. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి గట్టు దిగేటప్పుడు రైతు గుండె ఎందుకు దడదడలాడుతుందో తెలిసినవాళ్లకు ఇక్కడ వేరే వివరణ అక్కర్లేదు.

ఇంజనీర్లు దీన్ని ఒక చిన్న లెక్కతో చూస్తారు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉన్న ఎడంలో సగం తీసుకుని, దాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తారు. వచ్చిన సంఖ్య ఎంత ఎక్కువైతే బండి అంత తొందరగా పడదు. మాటవరసకు ఒక పొడుగాటి చిన్న కారును తీసుకుందాం. చక్రాల ఎడం 144 సెంటీమీటర్లు, సగం 72. గురుత్వ కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే లెక్క 1.2 వస్తుంది. మలుపులో పక్కకు తోసే బలం బండి బరువుకు 1.2 రెట్లు దాటితే లోపలి చక్రాలు లేచిపోతాయన్నమాట. పొడి తారు మీద మామూలు టైరు అంత పట్టు ఇవ్వదు కాబట్టి కారు పడే ముందే జారిపోవాలి. కాగితం మీద అంతా క్షేమం.

రోడ్డు మీద క్షేమం కాదు. ఈ లెక్క కదలకుండా నిలబడ్డ బండిది. స్ప్రింగులు నొక్కుకుని విచ్చుకునే బండికి, ఎడమకు ఊగి వెంటనే కుడికి ఊగే బండికి హద్దు ఇంకా చాలా కిందే ఉంటుంది. పైగా టైరు పట్టు ఎంత బాగుంటే పల్టీకి అంత సాయం. పట్టు లేని టైరు జారుతుంది, జారితే బండి నిలబడుతుంది. గట్టిగా పట్టుకున్న టైరు నేలలో పాతిన గుంజలాగా నిలిచి, పైనున్న బండిని తనమీదుగా తిప్పేస్తుంది. సన్నటి చక్రాల ట్రాబాంట్ దాటిన చోట ఎ-క్లాస్ పడిందంటే ఆశ్చర్యపడడానికి అందులో ఏమీ లేదు.

*

కంపెనీ మొదటి స్పందన ఏ పెద్ద కంపెనీదైనా ఉండేలాగే ఉంది. అంత విపరీతమైన పరీక్షలో ఏ కారైనా ఇబ్బంది పడుతుందన్నట్టు మాట్లాడింది. వారం తిరిగేసరికి స్వరం మారింది. అక్టోబరు 29న కార్ల విభాగం అధిపతి యూర్గెన్ హూబర్ట్ విలేకరుల ముందుకొచ్చి, టైర్లు మారుస్తామని, ఈఎస్‌పీ అనే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థను అన్ని ఎ-క్లాస్ కార్లకూ అదనపు ధర లేకుండా ఇస్తామని చెప్పాడు. జనం శాంతించలేదు. నవంబరు 11న మెర్సిడెస్ కార్లు తయారుచేసే డైమ్లర్-బెంజ్ ఇంకో అడుగు వేసింది. పన్నెండు వారాల పాటు కార్ల సరఫరా ఆపేసింది. అప్పటికే రోడ్డెక్కిన కార్లను వెనక్కి పిలిచింది. ఖర్చు దాదాపు 30 కోట్ల మార్కులని అప్పటి వార్తలు.

ఆ పన్నెండు వారాల్లో ఇంజనీర్లు చేసిన పని ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనది.

బండిని కిందికి దించారు. వెనక చక్రాల మధ్య ఎడం పెంచారు. షాక్ అబ్జార్బర్లను, కారు ఒరగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్ కడ్డీలను మార్చారు. టైర్లు మార్చారు. వీటన్నిటి మీదా ఈఎస్‌పీ పెట్టారు. బాష్ కంపెనీతో కలిసి తయారు చేసిన ఆ వ్యవస్థ 1995లో పెద్ద ఎస్-క్లాస్ కూపేతో మొదటిసారి రోడ్డు మీదికి వచ్చింది, ధనవంతుల కారుకు మాత్రమే అమిరేది. డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పాడో ఒక సెన్సర్ చూస్తుంది, బండి నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో మరొకటి చూస్తుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే ఏదో ఒక్క చక్రానికి మాత్రం బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. పల్టీ కొట్టబోయే బండికి బయటి పక్క ముందు చక్రాన్ని పట్టేసి మలుపు పదును తగ్గిస్తుంది.

1998 ఫిబ్రవరి చివర్లో సరఫరా మళ్లీ మొదలైంది. 2004 వరకు నడిచిన ఆ మొదటి తరం ఎ-క్లాస్‌లు దాదాపు 11 లక్షలు అమ్ముడుపోయాయి. ఒక చవక కారుకు ఈఎస్‌పీ ఇస్తే మిగతా కంపెనీలు చూస్తూ ఊరుకోలేవు. ఐరోపాలో 2014 నవంబరు నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ అది తప్పనిసరి అయింది. ఆ మంగళవారం కోన్ల మధ్య బోర్లాపడ్డ బండి వల్ల ఎందరు బతికారో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. చాలామందే అయి ఉంటారని మాత్రం నమ్ముతాను.

అదే కంపెనీ కుటుంబంలోని ఇంకో బుల్లి కారు స్మార్ట్‌కూ ఇదే సెగ తగిలింది. రెండున్నర మీటర్ల పొడవు, ఇద్దరే కూర్చునే బండి. దాని విడుదలను 1998 అక్టోబరు వరకు వాయిదా వేసి, దాన్నీ కిందికి దించి, చక్రాల ఎడం పెంచి అప్పుడు వదిలారు.

*

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. టైర్లు, అల్లాయ్ చక్రాలు అమ్మే దుకాణాల్లో వినపడే మాట ఒకటుంది. "అన్నా, నాలుగు స్పేసర్లు వేసేయ్. బండి వెడల్పుగా కూర్చోవాలి." స్పేసర్ అంటే హబ్‌కూ చక్రానికీ మధ్య దూర్చే అల్యూమినియం రింగు. అయిదు మిల్లీమీటర్లది ఉంటుంది, పది ఉంటుంది, ఇరవై, ముప్ఫై కూడా ఉంటాయి. అది దూరితే చక్రం అంతమేరకు బయటికి వస్తుంది. చూడ్డానికి కారు ఛాతీ విరుచుకున్నట్టుంటుంది. బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని కుర్రాళ్ల నమ్మకం. బెంజ్ వాళ్లు ఎడం పెంచి బాగుచేశారుగా, మేం చేసేదీ అదేగా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరం.

ముందటి లెక్కనే మళ్లీ తీద్దాం. ఒక్కో పక్క 15 మిల్లీమీటర్ల స్పేసర్ వేశారు. 72 సెంటీమీటర్లు 73.5 అయింది. 1.2 కాస్తా 1.225 అయింది. లాభం నూటికి రెండు పాళ్లు. కారును సెంటీమీటరు చిల్లర కిందికి దించితే వచ్చే లాభం కూడా ఇంతే. ఇప్పుడు నలుగురు ఎక్కి పెళ్లికి బయల్దేరారు. మనుషులతో కలిపి బండి 1,200 కిలోలు. కప్పు మీద క్యారియర్‌కు 50 కిలోల సామాను కట్టారు. గురుత్వ కేంద్రం దాదాపు నాలుగు సెంటీమీటర్లు పైకి జరిగింది. స్పేసర్ ఇచ్చిందానికి మూడింతలు ఆ సూట్‌కేసులు లాగేసుకున్నాయి.

లాభం అంత చిన్నది. మరి నష్టం? కారు ముందు చక్రం ఒక ఇరుసు రేఖ చుట్టూ తిరుగుతుంది. ఆ రేఖను నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటు మధ్యకు ఎంత దగ్గరగా పడాలో కంపెనీ మిల్లీమీటర్లలో నిర్ణయిస్తుంది. చాలా చిన్న కార్లలో ఆ రేఖ టైరు మధ్యకు కొంచెం బయటే పడేలా చేస్తారు. ఒక పక్క చక్రం నీళ్లలో పడి బ్రేకు పట్టకపోయినా స్టీరింగు తనంతట తానే సర్దుకుని బండిని తిన్నగా ఉంచడానికి. స్పేసర్ చక్రాన్ని బయటికి లాగితే ఆ ఏర్పాటు తల్లకిందులవుతుంది. వానాకాలం ఎడమ చక్రాలు నీటి మడుగులో ఉండగా బ్రేకు తొక్కితే, సర్దుకోవలసిన స్టీరింగు కుడికి గుంజుతుంది. గుంత తగిలినప్పుడు చేతుల్లోకి వచ్చే కుదుపూ పెరుగుతుంది. దాన్నే కొందరు "రోడ్డు ఫీల్" అని మెచ్చుకుంటారు. ఆ ఫీల్ మొదట దెబ్బ తీసేది స్టీరింగు కీళ్లను.

చక్రం బయటికి జరిగితే, దాని బరువును మోసే బేరింగు మీద వంపు బలం పెరుగుతుంది. కంపెనీ లెక్కలో లేని భారం అది. కిలోమీటర్లు గడిచేకొద్దీ బేరింగు నుంచి ఊళ మొదలవుతుంది. స్ప్రింగు సంగతీ అంతే. స్ప్రింగు ఉన్నచోటే ఉంది, చక్రానికి మాత్రం దాన్ని నొక్కే లివరు పొడవైంది. అంటే స్ప్రింగు కాస్త మెత్తబడినట్టే. వెడల్పుతో గెలిచిన దానిలో కొంత ఇక్కడ ఓడిపోతాం. నలుగురు ఎక్కి బ్రేకర్ దాటినప్పుడు టైరు ఫెండర్ అంచుకు రాసుకుంటుంది. ఆ కోతలు టైరు పక్క గోడ మీద కనపడకుండా పెరుగుతాయి.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ముందు చక్రాలకు మాత్రమే స్పేసర్ వేసే అలవాటు. ముందు ఎడం పెరిగితే మలుపులో ముందు టైర్ల మధ్య బరువు తక్కువగా మారుతుంది, వాటి పట్టు పెరుగుతుంది. స్టీరింగు చురుగ్గా తిరుగుతుంది. కుర్రాడికి ఆనందం. వెనక టైర్లు మాత్రం పాత పట్టుతోనే ఉంటాయి. బర్రె అడ్డొచ్చింది, యాక్సిలరేటర్ వదిలి ఎడమకు తిప్పి కుడికి తిప్పాడు. ముందు భాగం చెప్పినట్టు విన్నది, తోక వినలేదు. స్వీడన్‌లో మూస్ కోసం పెట్టిన కోన్లు మన రోడ్ల మీద బర్రెల రూపంలో, బైకుల రూపంలో రోజూ ఎదురవుతాయి. బెంజ్ ఇంజనీర్లు వెనక ఎడం పెంచడానికి కారణం ఇదే. తోక ఆఖరిదాకా నేలను పట్టుకుని ఉండాలి, పట్టు తప్పితే ముందు భాగమే మొదట తప్పాలి. డ్రైవరు భయంతో కాలు తీసేసినా బండి మెల్లగా బయటికి వెళ్తుందే తప్ప గిర్రున తిరగదు. ఆ కొత్త ఎడానికి తగ్గట్టే వాళ్లు షాక్‌లను, కడ్డీలను, టైర్లను, బ్రేకు కంప్యూటర్‌ను సరిచేశారు. దుకాణంలో అరగంటలో దూర్చే రింగు ఒక్కదాన్నే కదిలించి మిగతావన్నీ పాత లెక్కల మీదే వదిలేస్తుంది.

ఎవరూ ఎప్పుడూ స్పేసర్ వాడకూడదని నేననను. పోటీ కార్లలో వాడతారు. జర్మనీలో రోడ్డు మీది కార్లకూ బిగిస్తారు. అక్కడ ఆ భాగానికి పరీక్షా పత్రం ఉండాలి, అవసరమైన చోట తనిఖీ ఇంజనీరు బండి చూసి ఒప్పుకోవాలి. మనకు అలాంటి ఏర్పాటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడేలా చట్టం వచ్చింది.

పాత కారు కొనేవాళ్లకు ఒక్క మాట. ముందటి యజమాని స్పేసర్ వేశాడో లేదో తెలుసుకోవడం తేలిక. చక్రం విప్పి హబ్ మీద అదనపు రింగు ఉందేమో చూడాలి. హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన అంచు చక్రం రంధ్రంలో బిగుతుగా కూర్చుని చక్రాన్ని కేంద్రంలో నిలుపుతుంది. చవక రింగు ఆ అంచును కప్పేస్తే చక్రాన్ని కేంద్రంలో నిలిపే పని స్టడ్‌ల మీదే పడుతుంది, వేగం పెరిగితే స్టీరింగు వణకవచ్చు. తర్వాత నట్టును చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాలి. సుజుకీ చిన్న కార్ల స్టడ్ మందం 12 మిల్లీమీటర్లు, చుట్టుకు 1.25 మిల్లీమీటర్ల మర. స్టడ్ మందం ఎంతో కనీసం అంత మేర మర పట్టాలి, అంటే నట్టు తొమ్మిది పది చుట్లు తిరగాలి. విడిగా దూర్చిన రింగు స్టడ్‌లో తన మందం మేర మింగేసి ఉంటే, అయిదారు చుట్లకే నట్టు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే ఆ కారును హైవే ఎక్కించకుండా అక్కడే రింగులు తీయించి, స్టడ్‌లు సాగాయేమో చూపించి, అవసరమైతే కొత్తవి వేయించి, నట్లను టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగింపు చూసుకోవాలి.